నిశ్చల వారోత్సవాలు

వకుళ అడిగింది చాలా చిన్న సాయం. ఉదయం పదకొండింటికి టీకి వెళ్ళేవాళ్ళు మూడో అంతస్తు వరండాలో కాస్త మెల్లగా నడిస్తే బావుంటుందంది. అంతే. ఆ మాటేదో వరండాలోనే నిలబడి, వచ్చేపోయేవాళ్ళకి చేతులు జోడించి చెప్పుకుని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ ఆవిడ సైంటిస్టాయె! గ్రాఫు గీసి, రంగులు వేసి, నెలవారీ మీటింగులో తెరమీద చూపించి మరీ అడిగింది. ఇక చూస్కోండి.

ముందు ఆవిడ పని సంగతి చెప్పాలి. ఊరి చివర, ఎత్తైన కాంపౌండు గోడ, గోడమీద ముళ్ళకంచె, లోపల నాలుగంతస్తుల భవనం ఉన్న ఆ సంస్థలో ఉపగ్రహాలకీ యుద్ధవిమానాలకీ కళ్ళు తయారుచేస్తారు. కళ్ళంటే కెమెరాలు. వాటిలో పళ్ళెమంత అద్దాలుంటాయి. ఆకాశంలోంచి కిందికి చూసేటప్పుడు ఆ అద్దం వెంట్రుకవాసి పక్కకి జరిగినా బొమ్మ చెడిపోతుంది. వెంట్రుకవాసి అన్నది మనబోటి వాళ్ళ లెక్క. వకుళ లెక్కలో వెంట్రుకంటే రోకలిబండ. ఒక వెంట్రుకని నిలువునా డెబ్బైవేల పొరలుగా చీల్చితే ఒక్కో పొర ఎంత మందం ఉంటుందో, దాన్ని నానోమీటరంటారు. అద్దం అంతమాత్రం జరిగినా పట్టుకుని చెప్పే సెన్సర్ ఒకటి ఆవిడ ఆరేళ్ళు కూర్చుని తయారుచేసింది. చూడ్డానికి ఏమీ ఉండదు. రూపాయి బిళ్ళంత బిళ్ళలు రెండు. ఒకటి అద్దం వీపుకి, ఒకటి వెనకాల చట్రానికి. ఒకదాన్నొకటి తాకవు. మధ్య ఖాళీ ఎంత మారితే అంత చెబుతాయి, అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పవు.

ఆ బిళ్ళల్ని చేత్తో అరగదీసి నునుపు తేల్చింది ఫిట్టర్ మల్లేశం. నలభై ఒక్కటి పారేశాక నలభై రెండోది కుదిరింది. ఆయనకి ఈ నెలాఖరుకి రిటైర్మెంటు. "నా చేతి బిళ్ళ మొగులు మీదికి పోతే జూసి ఇంటికి పోత మేడం," అంటాడు రోజుకోసారి. మొగులంటే ఆయన భాషలో ఆకాశం.

మిగిలింది ఒకే ఒక్క పరీక్ష. కదలని అద్దం ముందు సెన్సర్ ఇరవైనాలుగు గంటలు పనిచేయాలి. ఆ ఇరవైనాలుగు గంటల్లో అది చూపించే అంకె ఐదు నానోమీటర్లు దాటకూడదు. కదలిక ఉంటే చెప్పాలి, లేనప్పుడు నోరు మూసుకుని ఉండాలి, అదీ మంచి సెన్సర్ లక్షణం. ఇరవై ఎనిమిదో తారీఖున బెంగళూరు నుంచి ఉపగ్రహం వాళ్ళ తరఫున ప్రాణేశ్ గారు వస్తారు. పరీక్ష నెగ్గినట్టు రిపోర్టు ఉంటే సెన్సర్ ఆయనతో వెళుతుంది. లేకపోతే విదేశీ సెన్సర్‌కి ఆర్డరు వెళుతుంది, వకుళ ల్యాబుకి తాళం పడుతుంది, ఆరేళ్ళ పని అటకెక్కుతుంది.

ఇలాంటి ల్యాబు నిజానికి సెల్లార్‌లో ఉండాలి, నేల గట్టిగా ఉంటుంది కనక. కానీ సెల్లార్‌లో పాత ఫైళ్ళున్నాయి. వాటిని తీయించే అధికారం ఎవరికుందో చెప్పే ఫైలు కూడా వాటిలోనే ఉందిట. అంచేత ల్యాబుని మూడో అంతస్తులో, లిఫ్టు పక్కన, క్యాంటీన్‌కి వెళ్ళే దారిలో పెట్టారు. మనుషులు నడిస్తే నేల ఊగుతుంది, నేల ఊగితే అద్దం జరుగుతుంది, అద్దం జరిగితే సెన్సర్ ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. సరిగ్గా పదకొండింటికి నూటఎనభై నానోమీటర్లు.

మీటింగులో ఆ గ్రాఫు చూసి డైరెక్టరు డాక్టర్ పినాకపాణి గారు లేచి నిలబడ్డారు. ఆయన అంతకు ముందువారమే ఏదో కొండమీద రిసార్టులో మూడ్రోజుల శిక్షణ పొంది వచ్చారు. అక్కడ కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చోవడం నేర్పారట. అప్పటినుంచీ కదిలే ప్రతి వస్తువునీ ఆయన జాలిగా చూస్తున్నారు.

"ఇది కేవలం ఒక సెన్సర్ సమస్య కాదు," అన్నారాయన గంభీరంగా. "ఇది మన సంస్థాగత చాంచల్యానికి దర్పణం. మనం ఎందుకు కదులుతున్నాం? అసలు కదలవలసిన అవసరం ఏమిటి? నిశ్చలతే ఉత్పాదకత!"

అందరూ చప్పట్లు కొట్టారు. పైన ల్యాబులో సెన్సర్ అరవై చూపించింది.

మర్నాడు పొద్దున్నే పరిపాలనాధికారి భావనారాయణ గారి సంతకంతో సర్క్యులర్ వచ్చింది. భావనారాయణ గారిది నిండైన విగ్రహం, తొంభై రెండు కిలోలు, నడకలో ఒక నిబ్బరం. ఆయన మాట్లాడినా సర్క్యులర్ చదువుతున్నట్టే ఉంటుంది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఈ నెల నాలుగవ తేదీ నుండి సంస్థయందు నిశ్చల వారోత్సవములు నిర్వహింపబడును. సిబ్బంది యావన్మందియు విధిగా పాల్గొని, కదలకుండుట ద్వారా దేశరక్షణకు తోడ్పడవలెను. గైర్హాజరైన వారిపై తగు చర్య తీసుకొనబడును."

వకుళ ఆ కాయితం చదివి నెత్తి కొట్టుకుంది. "నేనడిగింది మెల్లగా నడవమని కదండీ!"

"జర ఓపిక పట్టుండ్రి మేడం," అన్నాడు మల్లేశం. "మంచికే అయితదేమో."

ఓపిక పట్టింది. ప్రారంభోత్సవం ఎక్కడ జరపాలన్న చర్చ వచ్చింది. నిశ్చలతకి మూలం సెన్సర్ కనక సెన్సర్ ముందే జరపాలని తీర్మానించారు. నాలుగో తారీఖు పొద్దున నాలుగువందల మంది మూడో అంతస్తుకి ఎక్కారు. షామియానా మేకులు గోడకి కొట్టారు. డైరెక్టరు గారు దీపం వెలిగించి, ల్యాబు గుమ్మంలో కొబ్బరికాయ కొట్టారు. ఒక్క దెబ్బకి పగల్లేదు. మూడో దెబ్బకి పగిలింది, సెన్సర్ పదకొండువందలు దాటింది. ఆ తర్వాత అందరూ ఒక్కసారిగా లేచి, కుడిచెయ్యి ముందుకు చాపి, "నేను కదలనని, కదిలేవారిని ప్రోత్సహించనని" గట్టిగా ప్రతిజ్ఞ చేశారు. ఫొటోగ్రాఫర్ రెండోసారి చేయించాడు, మొదటిసారి డైరెక్టరు గారి కళ్ళు మూసుకుపోయాయని.

సాయంత్రం గ్రాఫు చూసి వకుళకి ఏడుపొక్కటే తక్కువ. ఆరేళ్ళలో ఏ రోజూ అంత ఘోరంగా రాలేదు. ఆ సంగతే రాసి పైకి పంపింది. ప్రతిజ్ఞ చేసినా కదలిక పెరిగిందంటే సిబ్బందిలో చిత్తశుద్ధి లోపించిందని పైవాళ్ళు అర్థం చేసుకున్నారు. దాంతో ఏడుగురు గెజిటెడ్ అధికారులతో నిశ్చలతా పర్యవేక్షణ కమిటీ పడింది. అధ్యక్షుడు భావనారాయణ గారు. కమిటీ గంటకోసారి నాలుగంతస్తులూ తిరిగి, ఎవరైనా కదులుతున్నారేమో చూసి, రిజిస్టరులో రాయాలి.

ఇంక చెప్పేదేముంది! గంటకోసారి ఏడుగురు భారీ మనుషులు, వెనక రిజిస్టరు మోసే గుమాస్తా, ఆ వెనక సెక్యూరిటీ వాళ్ళిద్దరు, ధనధనమని మెట్లెక్కి దిగడం. గంటకోసారి సెన్సర్ రెండువందల అరవై. తక్కిన సిబ్బందంతా నిజంగానే కుర్చీలకి అతుక్కుపోయారు పాపం. టీ మానేశారు. ఫోనొస్తే నెమ్మదిగా ఎత్తుతున్నారు. భవనం మొత్తంమీద కదులుతున్నది కమిటీ ఒక్కటే.

మల్లేశం తెరముందు కూర్చుని గీతల్ని చూసి మనుషుల్ని పోల్చడం నేర్చుకున్నాడు. "గీ లోతు గీత భావనారాయణ సారుది మేడం. కుడికాలు జర బరువేస్తడు. గీ చిన్న గీత అకౌంట్సు సారుది, గోడ పట్టుకోని నడుస్తడు."

"ఈ గ్రాఫు చూపించి చెప్తానుండండి," అని వకుళ భావనారాయణ గారి గదికి వెళ్ళింది. కదలిక అనుమతి పత్రం మూడు కాపీలు నింపి మరీ వెళ్ళింది. అది లేకుండా గది దాటకూడదు అప్పటికి.

ఆయన గ్రాఫుని అటూ ఇటూ తిప్పి చూశారు. "అంటే ఏమంటారమ్మా? కదలికను నివారించు కమిటీయే కదలికకు కారణమని మీ అభియోగమా?"

"అభియోగం కాదండీ. పక్కనే టైము కూడా ఉంది చూడండి. మీరు మెట్లెక్కగానే లేస్తోంది, దిగగానే పడుతోంది. మీరు ఒక్కరోజు రౌండ్సు మానేస్తే నా పరీక్ష అయిపోతుంది."

"రౌండ్సు మానినచో కదలిక లేదని ఎవరు ధ్రువీకరించాలి?"

"సెన్సర్ ధ్రువీకరిస్తుందండీ."

"సెన్సర్ గెజిటెడ్ అధికారియా?" అన్నారాయన. అంతటితో ఆ సంభాషణ ముగిసింది. అయితే ఆవిడ ఫిర్యాదుని తేలిగ్గా తీసుకోలేదని చూపించడానికి మర్నాటినుంచీ అరగంటకోసారి రౌండ్సు మొదలుపెట్టారు.

రెండోవారంలో వారోత్సవాలు పక్షోత్సవాలయ్యాయి. ఎనభై కిలోలు దాటినవాళ్ళని కింది అంతస్తుకి బదిలీ చేశారు. భావనారాయణ గారు కమిటీ అధ్యక్షులు కనక ఆయనకి మినహాయింపు. బూట్లు నిషేధించారు. మేజోళ్ళతో నడవమంటే నున్నటి గచ్చుమీద ఇద్దరు జారిపడ్డారు, ఒక్కొక్కరు ఏడువందల నానోమీటర్లు. తుమ్మొచ్చేవాళ్ళు బయటికెళ్ళి తుమ్మిరావాలన్నారు. పరిగెత్తుకుని బయటికెళ్ళేవాళ్ళ వల్ల వచ్చిన కదలిక తుమ్ముకంటే నాలుగింతలుంది. గోడలకి "కదలకుము" అని ఇనుప పలకలు బిగించడానికి రెండురోజులు డ్రిల్లింగు మిషన్లు పనిచేశాయి. అటుగా పోయే రైళ్ళు నెమ్మదిగా పోవాలని రైల్వే వారికి ఉత్తరం రాశారు. రోడ్డవతల కల్యాణమండపం వాళ్ళకి, పెళ్ళిళ్ళు చేసుకోండి గానీ డోలు మెల్లగా వాయించండని ఇంకో ఉత్తరం.

ఒకరోజు కమిటీలో అకౌంట్సు అధికారి గోడ ఊతం వదిలి లేచి మరీ అడిగాడు. "అధ్యక్షా, భూమి తిరుగుతూ ఉంటుంది కదా! దాని విషయమై మనం ఏ చర్యా తీసుకోలేదు."

అంతమంది పెద్దవాళ్ళకి ఇన్నాళ్ళూ ఈ సంగతి తట్టనందుకు సిగ్గేసింది. చివరికి భావనారాయణ గారు, భూభ్రమణం మన సంస్థ పరిధిలోకి రాదనీ, సంబంధిత మంత్రిత్వశాఖ ఏదో కనుక్కుని లేఖ రాయడానికి ఉపసంఘం వేద్దామనీ తేల్చారు.

ఇరవై రెండో తారీఖొచ్చింది. ఇంక ఆరురోజులు. ఆదివారాలు కూడా కమిటీ రౌండ్సు మానలేదు, సెన్సర్ ఒక్క రోజు కూడా ఐదులోపు లేదు. వకుళకి అన్నం సయించడం మానేసింది. ఆ రోజు మధ్యాహ్నం ల్యాబులో కూర్చుని, "మల్లేశం గారూ, ఇంక కాదండీ. ఆ విదేశీ సెన్సరే పోతుంది పైకి," అంది. అంటుంటే కళ్ళనీళ్ళు తిరిగాయి.

మల్లేశం తెరముందు నుంచి ఇటు తిరిగాడు. తర్వాత అన్నాడు, "ముప్పై ఆరేండ్లు జేసిన మేడం ఈడ. గీ సార్లు దేనికి భయపడ్తరో చెప్పాల్నా? జీతం ఆపితే భయపడరు. పనాగితే భయపడరు. 'దీనికి జిమ్మేదారి నేనే' అని సంతకం పెట్టమను, ఇగ ఒక్కడు కనబడడు."

వకుళ కళ్ళు తుడుచుకుని ఆయన వంక చూసింది. చూసి కంప్యూటరు దగ్గరకి వెళ్ళి కూర్చుంది.

కమిటీ దగ్గర అప్పటికి ఎనిమిది ఫారాలున్నాయి. కదలిక అనుమతి పత్రం, తుమ్ము సమాచార పత్రం, పాదరక్షల డిక్లరేషను, అలాంటివి. మర్నాటి సమావేశంలో భూమి సంగతయ్యాక ఆవిడ తొమ్మిదోది పెట్టింది. ఇంకో ఫారం అనేసరికి భావనారాయణ గారి మొహం చేటంతయింది. పేరు చూశారు: బాధ్యతా స్వీకార పత్రం. "శీర్షిక సమంజసంగా ఉన్నది," అన్నారు. "అయితే ఇందులో 'మూడో అంతస్తులో' అని ఉన్నది. సమగ్రత కొఱకు 'భవనములో' అని సవరించవలెను." కిందిదాకా చదవలేదు. ఆయన చదవకపోతే మిగతా ఆరుగురూ చదవడం మర్యాద కాదు కదా, వాళ్ళూ చదవలేదు. ఫారం ఆమోదం పొందింది. ఇరవై ఆరో తారీఖు పొద్దున తొమ్మిదినుంచి మర్నాడు తొమ్మిదిదాకా పరీక్ష అనీ, ఆ సమయంలో భవనంలోకి వచ్చే ప్రతివారూ, ఎంతటివారైనా, గుమ్మంలో గార్డు దగ్గర ఫారం నింపాలనీ సర్క్యులర్ కూడా వెళ్ళింది.

ఇరవై ఆరున గార్డు బల్ల వేసుకుని కూర్చున్నాడు. మొదట వచ్చింది భావనారాయణ గారే. పెన్ను తీశారు. అలవాటు చొప్పున సంతకం చోటికి వెళుతున్న చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

"దిగువ సంతకం చేసిన నేను, భవనములో నా ఉనికి కారణముగా పరీక్ష విఫలమైన యెడల, అందుకు పూర్తి బాధ్యత నాదేనని, పూర్తి స్పృహతో అంగీకరిస్తున్నాను."

రెండుసార్లు చదివారు. పెన్నుకి మూత పెట్టారు. "నాకు నిన్నటినుండి నలతగా ఉన్నది," అని గార్డుతో చెప్పి వెనక్కి తిరిగారు. అంత నెమ్మదిగా, అంత తేలిగ్గా ఆయన నడవడం గార్డు ఎప్పుడూ చూడలేదట. వెనకాల వస్తున్న ఆరుగురికీ ఆయన మొహం చూస్తేనే విషయం అర్థమైంది. ఒకరికి వరంగల్లులో మరదలి గృహప్రవేశం గుర్తొచ్చింది. ఒకరికి పన్నునొప్పి. డైరెక్టరు గారి కారు గేటుదాకా వచ్చి, ఫోన్లో ఏదో విని, అట్నుంచటే ఢిల్లీ టూరుకి వెళ్ళిపోయింది. ఆఫీసర్లే పెట్టని సంతకం మేమెందుకు పెడతామని మిగతా నాలుగువందల మందీ కాంపౌండులో చెట్లకింద చాపలేసుకున్నారు. తొమ్మిదింపావుకి భవనంలో పురుగు లేదు.

వకుళా మల్లేశమూ కూడా లోపల లేరు. ల్యాబు నుంచి పొడుగాటి తీగ లాగి, గేటు పక్కన సెక్యూరిటీ గదిలో కంప్యూటరు పెట్టుకున్నారు. మొదటి గంట, రెండు నానోమీటర్లు. పదకొండింటికి, రెండున్నర. వకుళ ఊపిరి బిగబట్టుకుని చూస్తూనే ఉంది. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి కాగితం బయటికొచ్చింది. ఇరవైనాలుగు గంటల్లో అత్యధికం మూడు పాయింట్ నాలుగు.

మల్లేశం ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "నోరిప్పలే మేడం! దినమంత నోరిప్పలే నా బిడ్డ!" అన్నాడు. వకుళ పకపకా నవ్వేసింది, ఏడ్చేసింది, రెండూ ఒకేసారి.

ఆ సంతోషం పదింటిదాకా నిలిచింది. పదింటికి భావనారాయణ గారు నలత తగ్గి వచ్చారు. పరీక్ష నెగ్గిందని విన్నారు. ఆయన వెనకే ఆరుగురూ గృహప్రవేశాలూ పన్నునొప్పులూ ముగించుకుని వచ్చేశారు. ప్రాణేశ్ గారికి ఇచ్చే రిపోర్టుకి ధ్రువపత్రం జతచేయాలి, పదో నంబరు నమూనా. దాన్ని భావనారాయణ గారే స్వయంగా రాశారు.

"క్రింద సంతకం చేసిన ఏడుగురు అధికారులమగు మేము, పరీక్ష జరిగిన ఇరువదినాలుగు గంటలును పరీక్షాస్థలమున సెన్సర్ చెంతనే స్వయముగా హాజరై యుండి, ఆసాంతము పర్యవేక్షించితిమని ధ్రువీకరించడమైనది."

ఏడు సంతకాలూ పడిపోయాయి. వకుళ పరుగున ఆయన గదికి వెళ్ళింది, ఏ ఫారమూ నింపకుండా.

"అయ్యా, దండం పెడతాను, ఇది తీసేయండి. మీ ఏడుగురూ ఇరవైనాలుగు గంటలు సెన్సర్ పక్కనే ఉన్నారనీ, అయినా అది మూడున్నర కూడా చూపించలేదనీ అంటే దానర్థమేమిటి? పక్కన ఏడుగురు మనుషులు తిరుగుతున్నా కనిపెట్టలేని గుడ్డి సెన్సర్ అని కదా! నా సెన్సర్‌ని నేనే చంపుకున్నట్టు కాదూ?"

"మీరు సాంకేతికముగా ఆలోచిస్తున్నారమ్మా," అన్నారాయన జాలిగా. "పరిపాలనాపరముగా ఆలోచించండి. సాక్షులు లేని ఫలితము ఫలితమే కాదు. ధ్రువపత్రము లేనిదే రిపోర్టు గేటు దాటదు."

"మీరు అక్కడ లేరు కదండీ!"

"అట్లని ఎక్కడైనా రికార్డయినదా?"

అయింది. ఆ గ్రాఫులోనే అయింది. కానీ ఆ మాట పైకి అంటే ఏడుగురు గెజిటెడ్ అధికారులు అబద్ధపు సంతకం పెట్టారని అన్నట్టే. విచారణ మొదలైతే సెన్సర్ సాక్ష్యంగా సీలయి అల్మరాలోకి పోతుంది. ఆవిడ కక్కలేక మింగలేక బయటికొచ్చింది.

ఇరవై ఎనిమిదిన ప్రాణేశ్ గారొచ్చారు. అనంతపురం మనిషి, బెంగళూరులో ఇరవయ్యేళ్ళ ఉద్యోగం. సన్నగా, పొడుగ్గా, తక్కువ మాట్లాడే రకం. సెన్సర్ని చూస్తూ మాట్లాడతానని పట్టుబట్టడంతో ల్యాబులోనే సమావేశం పెట్టారు. ఢిల్లీ నుంచి తిరిగొచ్చిన డైరెక్టరు గారు నడిమి కుర్చీలో. గోడవెంట ఏడుగురు అధికారులు కుర్చీల్లో బిగుసుకుని ఉన్నారు. మూల వకుళా మల్లేశమూ. బల్లమీద అద్దం, అద్దం వెనక సెన్సర్, పక్కన తెర.

ప్రాణేశ్ గారు రిపోర్టు చదివారు. "బాగుందమ్మా. చానా బాగుంది," అన్నారు. వకుళకి ప్రాణం లేచొచ్చింది. ఆయన పేజీ తిప్పి ధ్రువపత్రం చదివారు. మళ్ళీ చదివారు. కళ్ళద్దాలు తీసి తుడిచి మూడోసారి చదివారు.

"ఏడుగురూ ఈ గదిలోనే ఉండిరా? ఇరవైనాలుగు గంటలూ?"

"ఉంటిమి," అన్నారు భావనారాయణ గారు.

ప్రాణేశ్ గారు కుర్చీలోంచి లేచి, ఒకడుగు వేసి, మళ్ళీ కూర్చున్నారు. తెరమీద గీత నూటయాభైకి ఎగిరి, నెమ్మదిగా దిగింది.

"నేనొక్కడు, యాభై ఎనిమిది కిలోల మనిషిని, ఒక్కడుగేస్తే నూటయాభై. మీరు ఏడుగురు ఒక పగలూ ఒక రాత్రీ ఉంటే మూడు పాయింట్ నాలుగు." ఆయన గొంతు పెంచలేదు. "సెన్సర్ అబద్ధం చెబుతా ఉందా, కాగితం అబద్ధం చెబుతా ఉందా? రెండింట్లో ఏదో ఒకటి చెప్పండి. సెన్సర్ అంటే నేను దాన్ని తీసకపోను. కాగితం అంటే నేను పైకి రాయాల్సి వస్తుంది."

ఏడుగురి మొహాల్లో నెత్తుటిచుక్క లేదు. పెన్షన్లు కళ్ళముందు తిరిగాయి. అందరూ వకుళ వంక చూశారు. సెన్సరే తప్పని ఆవిడ ఒప్పేసుకుంటే అందరూ బతికిపోతారు. ఆవిడ పెదవి కొరుక్కుంది. చెప్పనంటే చెప్పను అనుకుంది. నా సెన్సర్ ఒక్క తప్పు మాట కూడా చెప్పలేదు, దానిమీద నేను అబద్ధం చెప్పను.

అప్పుడు డైరెక్టరు గారు కళ్ళు తెరిచారు. రిసార్టులో నేర్చుకున్నట్టు అప్పటిదాకా మూసుకునే ఉన్నారు. ఎంతో ప్రశాంతంగా అన్నారు.

"రెండూ నిజమే ప్రాణేశ్ గారూ. ఇందులో వైరుధ్యమేమీ లేదు. మీరు బయటివారు. మీరు లేస్తే ఏదో ఒకటి జరుగుతుంది. మా సంస్థ సంప్రదాయం వేరు. నేను ముప్పై రెండేళ్ళుగా పరిశీలిస్తున్నాను. ఒక పనిదగ్గర మా అధికారులు ఉన్నప్పటికీ, లేనప్పటికీ, ఆ పనిమీద కొలవదగిన ప్రభావం ఏనాడూ లేదు. ఈ సెన్సర్ ఆ సత్యాన్ని మొట్టమొదటిసారిగా శాస్త్రీయంగా నిరూపించింది."

ఎగతాళి కాదు. ఒట్టు, ఆ మాటలో ఆవగింజంత ఎగతాళి లేదు. ఎంతో గర్వంగా చెప్పారాయన.

ప్రాణేశ్ గారు చాలాసేపు ఆలోచించారు. ఆయన మొహంలో ఏదో పాత కష్టం కదిలినట్టయింది.

"ఈ మాట రాసిస్తారా?"

"సంతోషంగా."

డైరెక్టరు గారు చెబుతుంటే గుమాస్తా రాశాడు. "మా సన్నిధి వలన ఏ కార్యముపైనను కొలవదగిన ప్రభావము గతమునందు ఉండలేదనియు, భవిష్యత్తునందు ఉండబోదనియు ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాము." ప్రాణేశ్ గారు అది చదివి, తల పంకించి, సెన్సర్ అంగీకార పత్రంమీద సంతకం పెట్టేశారు. "మా ఆఫీసుకి ఇంకో కాపీ ఇప్పించండి," అన్నారు. "మా దగ్గరా ఇంతే. కానీ రాతపూర్వకంగా ఎవరూ ఒప్పుకోలేదు ఇంతవరకు."

బాధ్యత నాదేనని సంతకం పెట్టమంటే ఊరు దాటిపోయిన ఏడుగురూ ఈ కాయితం దగ్గర మాత్రం ఒకరినొకరు తోసుకున్నారు. తర్వాత భావనారాయణ గారు సర్ది చెప్పగా సీనియారిటీ ప్రకారం వరసగా నిలబడి, ఒక్కొక్కరే బల్లదగ్గరికి నడిచొచ్చి సంతకాలు పెట్టసాగారు. మొదటగా భావనారాయణ గారు కదిలారు. తెరమీద గీత మూడువందలు దాటిపోయింది. వెనకే రెండోవారు. నాలుగువందల పది. గీత అలా ఎగిరెగిరి పడుతూనే ఉంది. సంతకాల హడావుడిలో అధికారులెవరూ అటు చూడలేదు. వకుళ చూసింది. ప్రాణేశ్ గారూ చూశారు.

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆవిడతో మెల్లగా అన్నారు. "దాన్ని తొందరగా పెట్టెలో పెట్టేయండమ్మా. ఇట్లాంటిది ఇక్కడ ఎక్కువసేపు ఉండడం మంచిది కాదు."

ఏడో సంతకం పడేలోపే మల్లేశం తీగ పీకి, బిళ్ళల్ని దూదిలో చుట్టి, పెట్టె మూత బిగించేశాడు.